ఎడమచేతి సైగ

ఆ ఏడు పండుగల సీజనుకి సాధన మొదలయ్యే నాటికి మా అమ్మ మా నాన్నతో మాట్లాడటం మానేసి నెల దాటింది. పోట్లాట లేదు, అరుపులు లేవు. ఒకే ఇంట్లో తిరుగుతున్నారు, ఒకే బల్ల దగ్గర తింటున్నారు. కాని ఆవిడకి ఏం కావాలన్నా నాతో చెప్పేది, ఆయనకి ఏం కావాలన్నా నన్ను పిలిచేవాడు. పెళ్ళీడు పిల్లని, వాళ్ళిద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కనైపోయాను.

"ఇస్యాంగ్, పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో మీ నాన్ననడుగు."

"సరిపోయిందని మీ అమ్మకి చెప్పు."

"ఇద్దరికీ చెవులున్నాయి కదా, మధ్యలో నేనెందుకు?" అని విసుక్కుంటే ఇద్దరూ కలిసి నన్నే కోపంగా చూసేవాళ్ళు. ఆ ఒక్క విషయంలోనే వాళ్ళకి మాట కలిసేది.

మా నాన్న ఊళ్ళో పాత బ్యాండుకి మాస్టారు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని మాంగ్ సెబ్యో అనేవాళ్ళు. పెద్దవాళ్ళలో మగవాళ్ళని మాంగ్ అని, ఆడవాళ్ళని అలింగ్ అని మర్యాదగా పిలవడం మా ఊరి అలవాటు. మా తాత చేతిలోంచి బ్యాండుని నడిపే కర్ర ఆయన చేతికొచ్చింది. జీతం బత్తెం లేని బ్యాండది. పగలు కొబ్బరికాయలు దింపేవాళ్ళు, సరస్సులో వలలు వేసేవాళ్ళు, ఒక మంగలి, ఇద్దరు బడిపంతుళ్ళు, సాయంత్రమయ్యేసరికి ట్రాంబోన్లూ డ్రమ్ములూ పట్టుకుని వచ్చేవాళ్ళు. నేను క్లారినెట్. మా అన్న మెల్చోర్ మొదటి ట్రంపెట్. ఊరికి అవతల కొస కొత్త బ్యాండు ఉంది. అది పుట్టి మా అమ్మమ్మ వయసంత అయింది, అయినా పేరు మాత్రం కొత్త బ్యాండే.

జనవరిలో మెల్చోర్‌కి జ్వరం తగిలింది. వారం తిరక్కుండా పోయాడు. నిక్షేపంలా ఉన్న మనిషి, ముందు ఆదివారం పెళ్ళి ఊరేగింపులో వాయించి, వచ్చి రెండు పళ్ళేల అన్నం తిన్నవాడు.

మా ఊళ్ళో బ్యాండులో మనిషి పోతే బ్యాండే ముందు నడిచి సాగనంపుతుంది. మాస్టారు బతికుండగా ఆ కర్ర మరొకరు ముట్టరు. అందుకని మా నాన్న సొంత కొడుకు శవపెట్టెకి ముందు నడిచాడు. మేమంతా వాయిస్తూ వెంట నడిచాం. నాకు కళ్ళు కనబడటం లేదు. ఏడుపుకి పెదవి బిగువు తప్పి నా స్వరం జారిపోయింది. నాన్న వెనక్కి తిరక్కుండానే, "ఇస్యాంగ్, స్వరం దిగింది. ఎత్తు," అన్నాడు.

అంతే అన్నాడు. కాని పెట్టె పట్టుకుని నడుస్తున్న అమ్మ విన్నది.

"కొడుకు పెట్టెలో పడుకునుంటే ఈ మనిషికి క్లారినెట్ అపస్వరం వినబడింది," అంది ఇంటికొచ్చాక, కాఫీ తాగుతున్న ఊరందరి ముందూ. "కన్నతండ్రా, గోడ గడియారమా?" నాన్న తలెత్తలేదు. ఆ తర్వాత ఆయనతో నేరుగా మాట్లాడటం మానేసింది. ఆయన కంట ఒక్క చుక్క ఆ రోజూ రాలేదు, పోయినవాడి కోసం చేసే ప్రార్థనల తొమ్మిది రోజుల్లోనూ రాలేదు. నాకూ ఆయన మీద కోపం వచ్చింది. ఎందుకు రాదు?

దుఃఖం ఏడాది పట్టాలి మాకు. నల్లబట్టలు, ఇంట్లో పాట లేదు, పండుగ లేదు. కాని బ్యాండువాళ్ళ ఇంటికి పండుగే కదా పని. పైగా తాతల నాటి నుంచీ సాధన మా ఇంటి కిందే జరిగేది. గుంజల మీద ఎత్తుగా కట్టిన ఇల్లు, కింద నలభై మంది కూర్చునేంత నీడ. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మొహమాటపడుతూ ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ట్యూబా ఊదే మాంగ్ తెబాన్ ఇంకా ఊపిరి పీల్చుకోలేదు, అమ్మ నల్లబట్టల్లో మెట్ల మీదికొచ్చి నిలబడింది.

"మాంగ్ తెబాన్, నీ కొడుకులు క్షేమమేనా?"

"దేవుడి దయ వల్ల క్షేమమే, అలింగ్ పాసింగ్."

"అయితే పోయి వాళ్ళ మంచాల కింద ఊదుకో. నా మంచం కింద కాదు."

నలభై మంది మగవాళ్ళు చెప్పుదెబ్బ తిన్నట్టు లేచి వాయిద్యాలు భుజాన వేసుకున్నారు. ఊళ్ళో ఎవరి మీదైనా జోకు వేయగలిగే మాంగ్ తెబాన్ కూడా తల దించుకునే ట్యూబా ఎత్తుకున్నాడు. మర్నాటి నుంచీ సాధన రేవు దగ్గరున్న కొబ్బరి గోదాములోకి మారింది. అక్కడ కుర్చీలు లేవు. ఎండుకొబ్బరి బస్తాల మీద ఎవరికి చోటు దొరికితే వాళ్ళు కూర్చునేవాళ్ళు. నూనె వాసనకి తల దిమ్మెక్కేది.

ఇక్కడ సీజను సంగతి ఒక మాట చెప్పాలి. మే నెలలో మా ఊరి పునీతుడి పండుగ. ముందు రోజు మధ్యాహ్నం చర్చి ముందున్న మైదానంలో, అంటే ప్లాజాలో, పాత బ్యాండూ కొత్త బ్యాండూ ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒకరు ఒక పాట వాయిస్తే రెండోవాళ్ళు ఇంకో పాటతో బదులివ్వాలి. వాయించిన పాట మళ్ళీ వాయించకూడదు, మధ్యలో తెగకూడదు. ఎవరి దగ్గర పాటలు అయిపోతే, ఎవరి పాట తెగితే వాళ్ళు ఓడినట్టు. దాన్ని మేము ఎదురు కచేరీ అంటాం. గెలిచినవాళ్ళు మర్నాడు సరస్సు మీద పునీతుడి పడవకి ముందు పడవలో వెళ్తారు. ఆ తర్వాత వానలు పడేదాకా చుట్టుపక్కల పల్లెల పండుగలన్నిటికీ వాళ్ళనే పిలుస్తారు. ముందటేడు మేమే ఓడాం. మా ట్రాంబోన్లు ఇద్దరు అప్పుడే కొత్త బ్యాండులోకి జారుకున్నారు. ఈసారి ప్లాజాకి వెళ్ళకపోయినా, వెళ్ళి ఓడినా పాత బ్యాండు ఉండదని గోదాములో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు.

గుడ్ ఫ్రైడే దాకా గొడవ లేదు. అప్పుడు వాయించేవన్నీ శోకగీతాలే. ఊరేగింపులో అమ్మ కూడా నడిచింది, కొవ్వొత్తి పట్టుకుని, సరిగ్గా బ్యాండు పక్కనే. క్రీస్తు శవం బొమ్మని చూడాల్సిన మనిషి దారి పొడుగునా మా నాన్న మొహమే చూస్తూ నడిచింది. ఏం వెతుకుతోందో నాకు తెలుసు. ఆయన మొహం రాయి. కర్ర లేస్తోంది, దిగుతోంది. చర్చి దగ్గరికి చేరేసరికి అమ్మ కొవ్వొత్తి ఊది పారేసి, నా కోసం ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఈస్టర్ వెళ్ళిన మర్నాడు వంటింట్లో చేపలు కడుగుతూ అంది:

"మీ నాన్నకి చెప్పు. పండుగ ముందు రోజు ప్లాజాలో ఆయన ఆ కర్ర ఎత్తితే, నేనీ ఇంట్లో ఉండను. సరస్సు అవతల మా అక్క దగ్గరికి పోతా."

"ఎన్నాళ్ళకి?"

"పోతా అన్నాను. వస్తానన్నానా?"

"అమ్మా, ఇలాంటివి నాతో చెప్పించకు. నీకు దణ్ణం పెడతా."

"మరెవరితో చెప్పించను? చెప్పాల్సినవాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాం."

నాన్న వెనక వరండాలో నా క్లారినెట్‌కి ఊదే చోట బిగించే రెల్లు పలక చెక్కుతున్నాడు. పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కత్తి ఆపలేదు. పలక వెలుతురుకి ఎత్తి చూశాడు, ఇంకాస్త గీశాడు, నా చేతికిచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాన్నా, అమ్మ వెళ్ళిపోతానంటోంది!"

"విన్నాను."

"మరి?"

"నేను వెళ్ళకపోతే బ్యాండు పోతుందమ్మా. మెల్చోర్ వాయించిన బ్యాండు."

"అన్న పోయాడు. అమ్మ ఉంది."

ఆయన కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెరట్లో కోళ్ళ వైపు తిరిగాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ఆ రోజు పెట్టె మోసినవాళ్ళు నా తాళానికి అడుగేస్తున్నారు ఇస్యాంగ్. దారంతా బురద. నీ స్వరం జారింది, నీ వెనక అందరివీ జారతాయి, తాళం జారుద్ది, వాళ్ళ అడుగు తప్పుద్ది. పెట్టె ఊగుద్ది. వాణ్ణి ఊగకుండా పంపాలనుకున్నా. నేను చెయ్యగలిగింది అదొక్కటే కదా."

ఈ మాట విన్నాక నా కోపం నీరుగారిపోయింది. పరుగున వెళ్ళి అమ్మకి చెప్పాను. దీంతో ఇంట్లో నిప్పు ఆరుతుందని ఎంత ఆశపడ్డానో! అమ్మ చేపలు కడగడం ఆపి విన్నది.  కాని నోరు మాత్రం మెత్తబడలేదు.

"ఊగితే ఊగేది. కొడుకు పోయిన ఇల్లు ఊగకుండా ఎట్లా ఉంటుందే? నేనేం రాజ్యాలు అడుగుతున్నానా? ఒక్కసారి ఆ మనిషి కూలబడి ఏడవాలి. నేనొక్కదాన్నే కన్నానా వాణ్ణి? నా పక్కన కూర్చుని ఏడ్చే మనిషి కావాలి నాకు. తాళం వేసే మనిషి కాదు."

ఆ మాట నేను నాన్నకి చేరవేయలేదు. కొన్ని మాటలు మోసుకెళ్ళడానికి మనిషికి చేతులు చాలవు.

గోదాములో సాధన సాగింది. మా పాటలన్నీ లెక్కపెట్టుకుంటే కొత్త బ్యాండుతో సరితూగాలంటే మెల్చోర్ పాట కూడా కలుపుకోక తప్పలేదు. దానికి వేరే పేరేదో ఉంది గాని ఊరంతా మెల్చోర్ పాట అనే పిలిచేది. సగంలో బ్యాండంతా తగ్గిపోయి డ్రమ్మూ ట్యూబాలూ మాత్రం మెల్లగా నడుస్తుంటే, వాటి మీద ట్రంపెట్ ఒంటరిగా లేస్తుంది. పెళ్ళిళ్ళలో ముసలమ్మలు కూడా లేచి చప్పట్లు కొట్టే చోటు అది. నాన్న ఎంత గంభీరంగా ఉన్నా అక్కడికొచ్చేసరికి అన్న వైపు ఎడమచెయ్యి చాపి నవ్వేవాడు. ఊదరా అన్నట్టు. మిగతా పాట మొత్తంలో ఆయన పళ్ళు కనబడటం నేనెప్పుడూ చూడలేదు.

రెండో ట్రంపెట్ డెల్ఫిన్ ఊళ్ళో మంగలి, అన్నకి ప్రాణస్నేహితుడు. అన్న చనిపోయాక గడ్డం గీసి తల దువ్వింది కూడా అతనే.

"నాకొద్దు మాస్టారూ," అన్నాడు డెల్ఫిన్. "అది వాడి పాట. నేను ఊదితే జనం ఉమ్మేస్తారు."

"పాట ఎవడి సొత్తూ కాదు," అన్నాడు నాన్న. "నువ్వు జనాన్ని చూడకు. నా ఎడమచెయ్యి చూడు. చెయ్యి నీ వైపొస్తే ఊదు. రాకపోతే ఊదకు. నీ పని అంతవరకే."

"చూసుకో డెల్ఫిన్, తప్పు ఊదితే రేపట్నించి నీ దగ్గర గడ్డం గీయించుకోం," అన్నాడు మాంగ్ తెబాన్. చాలా రోజుల తర్వాత గోదాములో నవ్వు వినబడింది.

డెల్ఫిన్ బాగా ఊదాడు. అన్నంత కాదు గాని బాగా ఊదాడు. నాన్నకి ఎడమ పక్కనున్న బస్తా మీద కూర్చునేవాడు, చెయ్యి తిరగ్గానే అందుకునేవాడు. రోజూ వాయించాం, ఒక్కసారీ తెగలేదు. నాన్న మాత్రం నవ్వేవాడు కాదు. నాకు ఒక పక్క సంతోషం, ఒక పక్క డెల్ఫిన్ చేతిలోంచి ఆ ట్రంపెట్ లాక్కోవాలన్నంత కోపం.

పండుగ ముందు రోజు పొద్దున్నే అమ్మ బట్టలు మూట కట్టుకుని రేవుకి వెళ్ళింది. నేను వెనకాల ఏడుస్తూ వెళ్ళాను. రేవంతా పడవలే, ఒక్కటీ కదిలేట్టు లేదు. ప్రతి పడవ మీదా వెదురు కమానులు కడుతున్నారు, కాగితం పూలు గుచ్చుతున్నారు.

"రేపు పునీతస్వామి పడవ దిగాక చూద్దాం, అలింగ్ పాసింగ్," అన్నాడొక పడవవాడు. "ఇవ్వాళ పడవలన్నీ ఆయనవే."

"నా కొడుకునీ తీసుకున్నాడు, పడవలనీ తీసుకున్నాడు," అంది అమ్మ. పడవవాడు టోపీ తీసి తల దించుకున్నాడు.

అమ్మ మూట పట్టుకుని వెనక్కి వచ్చి మెట్ల పైన కూర్చుంది. "మీ నాన్నకి చెప్పు. పడవ లేక ఆగాను గాని, ఉన్నానని అనుకోవద్దని."

చెప్పనవసరం లేకపోయింది. నాన్న తెల్ల యూనిఫారం బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మంలోనే ఉన్నాడు. అంతా విన్నాడు. అమ్మ పక్కగా, ఆవిడ నల్ల పావడా అంచు తొక్కకుండా జాగ్రత్తగా అడుగేసి మెట్లు దిగాడు. రెండు మెట్లు దిగి ఆగాడు. ఏమైనా అంటాడేమోనని నేనూ చూశాను, అమ్మా చూసింది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ప్లాజాలో నేల ఈనినట్టు జనం. చర్చి మెట్ల మీద, గోడల మీద, మామిడి కొమ్మల మీద కూడా మనుషులే. మా ఇల్లు ప్లాజాకి రెండు వీధుల అవతల, గాలి ఇటు నుంచి అటే వీస్తోంది. ప్రతి స్వరమూ అమ్మకి వినబడుతుందని నాకు తెలుసు.

కుర్చీలు వేశారు. పోయినవాడి కుర్చీ ఏడాది పాటు వాడి చోటే ఉండాలి, దాని మీద వాడి టోపీ ఉండాలి, అది మా ఆచారం. నాన్నకి ఎడమ పక్కన మొదటి వరసలో మెల్చోర్ కుర్చీ వేసి టోపీ పెట్టారు. డెల్ఫిన్ ఎప్పటి తన చోటు, ఆ కుర్చీకి ఇంకాస్త అవతల, ఇద్దరు మనుషుల ఎడంలో కూర్చున్నాడు. గోదాములో బస్తాల మీద ఈ తేడా ఎవరికీ తట్టలేదు.

కొత్త బ్యాండు మాస్టారు మాంగ్ పోన్సో వచ్చి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ఏడు మానేసినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, సెబ్యో."

"మొదలుపెట్టు పోన్సో. ఎండ దిగుతోంది," అన్నాడు నాన్న.

వాళ్ళొకటి, మేమొకటి. మార్చికి మార్చి, ప్రేమపాటకి ప్రేమపాట. జనం ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగి అరుస్తున్నారు. మాంగ్ తెబాన్ బుగ్గలు ఎర్రగా పొంగిపోయాయి. నా పెదవి చిట్లి రక్తం రుచి తెలుస్తోంది. కాని అబద్ధమెందుకు, నాకు సంతోషంగా ఉంది! నెలల తరబడి ఊపిరి బిగబట్టిన ఒళ్ళు ఆ సాయంత్రం కాస్త వదులైంది. సూర్యుడు చర్చి గంట వెనక్కి వెళ్ళేసరికి కొత్త బ్యాండువాళ్ళు తమలో తాము గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ దగ్గర సరుకు అయిపోవచ్చింది. మా దగ్గర ఇంకొకటి ఉంది. ఆ ఒక్కటి వాయిస్తే చాలు, గెలిచినట్టే. గెలిస్తే పల్లెల పండుగలన్నీ మావి, వెళ్ళిపోయిన ట్రాంబోన్లు తిరిగొస్తారు, ఎవరికి తెలుసు, అమ్మ కూడా రేపటికి మూట విప్పుతుందేమో. అంత వెర్రిగా ఆశపడ్డాను.

నాన్న మెల్లగా, "మెల్చోర్ పాట," అన్నాడు. జనంలోంచి పెద్ద కేక లేచింది.

మొదలుపెట్టాం. ఆ పాటలో మొదటి సగం పరుగు. ప్లాజా అంతా కాళ్ళతో తాళం వేస్తోంది. తర్వాత మేము తగ్గాం, ట్రాంబోన్లు తగ్గాయి, డ్రమ్మూ ట్యూబాలూ మాత్రం మిగిలాయి. డెల్ఫిన్ ట్రంపెట్ పెదవులకి ఆనించుకుని సిద్ధంగా ఉన్నాడు.

నాన్న ఎడమచెయ్యి లేచింది. ఖాళీ కుర్చీ వైపు లేచింది. అరచెయ్యి తెరిచి, ఊదరా అన్నట్టు, ఆ కుర్చీనే చూస్తూ మా నాన్న నవ్వాడు.

ఎవరూ ఊదలేదు. ట్యూబాలు నడుస్తున్నాయి, డ్రమ్ము నడుస్తోంది, వాటి మీద ఏమీ లేదు. ఆ వరస నా వేళ్ళకి తెలుసు, చిన్నప్పటి నుంచీ పక్క గదిలో విన్నదే. క్లారినెట్‌తోనైనా అందుకోవచ్చు. కాని ఆ చెయ్యి నన్ను పిలవలేదు. డెల్ఫిన్ నీళ్ళు నిండిన కళ్ళతో ఆ చేతినే చూస్తున్నాడు. తర్వాత ఎంతమంది అడిగినా అతను ఒకటే చెప్పేవాడు: "అది నాకు చాపిన చెయ్యి కాదు. వాడికి చాపిన చెయ్యి. ఎట్లా ఊదను?"

జనంలో ఎవడో ఈల వేయబోయి ఆపేశాడు. నాన్న నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, నేనూ కుర్చీనే చూస్తున్నాను. చూసేసరికి ఆయన ఎడమచెయ్యి ఇంకా అక్కడే ఉంది, దించడం మర్చిపోయినట్టు. కుడిచెయ్యి తాళం వేస్తూనే ఉంది. ట్రంపెట్ ఊదాల్సినంతసేపూ ఆ ఖాళీని ఒక్క దెబ్బ తప్పకుండా నడిపించాడు. తర్వాత మమ్మల్నందరినీ అందుకోమన్నాడు, అందుకున్నాం, పాట ముగిసింది. కర్ర స్టాండు మీద పెట్టి, జనం చీలి దారిస్తుంటే ఇంటి వైపు నడిచాడు.

పాట తెగినట్టే, మేం ఓడినట్టే. గెలిచినవాళ్ళు వెంటనే విజయగీతం వాయించడం రివాజు. మాంగ్ పోన్సో తన వాళ్ళ వైపు తిరిగి, "సర్దండి," అన్నాడు. అంతమంది జనం మాటా పలుకూ లేకుండా ఇళ్ళకి పోయారు.

నేను పరుగెత్తుకుంటూ ఇంటికి చేరేసరికి నాన్న మెట్ల కింద నిలబడి ఉన్నాడు. అమ్మ పైన నిలబడి ఉంది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ పాటలో ఆ చోట అంతసేపు ఏమీ వినబడకపోతే ఏమైందో ఊళ్ళో అందరికంటే ముందు ఆవిడకే తెలిసుంటుంది.

"సెబ్యో," అంది అమ్మ. నాలుగు నెలల తర్వాత.

నాన్న మొదటి మెట్టు మీద కూలబడ్డాడు. యూనిఫారం నలిగిపోతుందని కూడా చూసుకోలేదు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొంతు వచ్చింది. నేనెప్పుడూ వినని గొంతు. పశువు అరిచినట్టుంది. అమ్మ మొహంలో ఒక్క క్షణం, ఒక్క క్షణమే, గెలిచిన వెలుగు కనబడింది. వెంటనే దిగి వచ్చి ఆయన్ని కావిలించుకుని తనూ ఏడ్చింది. ఇద్దరి మధ్యా నేను లేకుండా ఇద్దరూ ఏడవడం చూసి, అమ్మయ్య, అయిపోయింది, ఇల్లు ఇక బాగుపడుతుంది అనుకున్నాను.

కాని ఆయన ఆపలేదు. అమ్మ ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, అన్నం వండింది. ఆయన ముట్టలేదు. ముక్కు చీది కాసేపు ఆగేవాడు, మళ్ళీ మొదలయ్యేది. "చాలు, సెబ్యో. ఇక చాలయ్యా," అంది అమ్మ వీపు నిమురుతూ. తర్వాత కోప్పడింది. తర్వాత ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయింది. ఏ ఏడుపు కోసం నాలుగు నెలలు మొండికేసిందో ఆ ఏడుపు వచ్చాక, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలియలేదు.

తెల్లవారింది. పండుగ పొద్దున బ్యాండులు వీధివీధినా వాయిస్తూ ఊరిని లేపాలి. ఓడినా గెలిచినా ఆ పని తప్పదు. మావాళ్ళు మొదట మాస్టారి ఇంటికొచ్చి ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరతారు. కింద బూట్ల చప్పుడు వినబడింది. మాంగ్ తెబాన్ దగ్గాడు. ఎవరూ పిలవలేదు, ఊరికే నిలబడ్డారు.

అమ్మ గబగబా నాన్న యూనిఫారం ఇస్త్రీ చేసింది. పసివాడికి తొడిగినట్టు ఆయనకి చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టింది, మొహం తడిగుడ్డతో తుడిచింది.

"లే. వెళ్ళు. నీ వాళ్ళొచ్చారు. నేనేమీ అనను. ఎక్కడికీ పోను. విన్నావా? ఇక్కడే ఉంటా. వెళ్ళి నీ కర్ర పట్టుకో."

నాన్న మంచం అంచున కూర్చుని తన ఎడమచెయ్యి చూసుకుంటున్నాడు. "ఇది నా మాట వినదు పాసింగ్. మళ్ళీ అక్కడికే పోతుంది."

"పోతే పోనీ! పోనీవయ్యా. ఎవరేమంటారు?"

"పోయిన ప్రతిసారీ వాడు ఊదడు," అన్నాడు.

 ఆయన మెల్లగా తనే బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు, చొక్కా మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ ఆ చొక్కా పట్టుకునే మెట్లు దిగింది. నలభై మందీ టోపీలు తీశారు. "ఆయన రాడు," అంది. ఎవరూ కదల్లేదు. డెల్ఫిన్ నేల చూస్తున్నాడు. "ఏం నిలబడ్డారు? వాయించండి. ఇక్కణ్ణించే వాయించుకుంటూ వెళ్ళండి. ఆయనకి వినబడేట్టు గట్టిగా వాయించండి. ఇస్యాంగ్, నువ్వు కూడా పో."

మాంగ్ తెబాన్ కాలితో తాళం వేసి మొదలుపెట్టాడు. ముందు నడిచే మనిషి లేకుండా నడిచాం. సందు మలుపు దగ్గర వాయిస్తూనే వెనక్కి చూశాను, పైన కిటికీలో నాన్న కనబడతాడేమోనని. కిటికీలో ఎవరూ లేరు. అమ్మ మాత్రం మెట్ల దగ్గరే ఉంది, ఆ తెల్లచొక్కా గుండెకి అదుముకుని. ఆవిడ మా వైపు చూడటం లేదు. ఇంటి వైపే చూస్తోంది. ఒక మెట్టెక్కింది, మళ్ళీ దిగింది. తన ఇంట్లోకి వెళ్ళడానికి మా అమ్మ భయపడటం ఆ పొద్దున మొదటిసారి చూశాను.